పొలిమేర దాటని పల్లె

ప్రతి ఊరికీ ఒక పొలిమేర ఉంటుంది. అత్తవారింటికి పయనమైన ఆడపిల్లను కన్నవారు అక్కడి దాకా వచ్చి కన్నీళ్లతో సాగనంపుతారు. హజ్ యాత్రకు బయలుదేరిన పెద్దలకు ఊరివారంతా అక్కడి దాకా తోడు వచ్చి, తమ కోసం కూడా దుఆ చేయమని కోరి వెనుదిరుగుతారు. పొలిమేర అనేది ఊరికి తలుపు వంటిది. ఒక ఊరివారు ఆ తలుపును తమంతట తామే మూసుకున్నారు. లోపల తమ బిడ్డలు, తోబుట్టువులు ఒక్కొక్కరే రాలిపోతున్నా నాలుగు నెలలకు పైగా దానిని తెరవలేదు. పొరుగూరి వారి ప్రాణాలు నిలవాలన్నదే వారి ఉద్దేశం.

ఆ ఊరి పేరు ఈమ్. ఇంగ్లండు దేశంలోని డెర్బీషైర్ ప్రాంతంలో ఉంది. ఆంగ్ల అక్షరాలను చూసి ‘ఎయామ్’ అని చదివేవారు ఉన్నా, స్థానికులు దానిని ‘ఈమ్’ అనే పలుకుతారు. మూడున్నర శతాబ్దాల నాటి ఆ కథ నేటికీ ఆ ఊరి రాళ్లలో, నీటి ఊటల్లో, సమాధుల్లో నిలిచి ఉంది. మన కాలంలోనూ ఒక మహమ్మారి వచ్చి వెళ్లింది. గడప దాటలేని రోజులను, ఆత్మీయుల జనాజాకు కూడా వెళ్లలేకపోయిన దుఃఖాన్ని మన కుటుంబాలు ఇంకా మరచిపోలేదు. అందుచేత ఈ నెల మేము పాఠకులను ఈ చిన్న పల్లెకు తీసుకువెళ్లి, అక్కడి గుర్తులను ఒక్కొక్కటిగా చూపదలిచాము.

కొండల నడుమ ఊరు

షెఫీల్డ్ నగరానికి నైరుతి దిశగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతంలో ఈమ్ ఉంది. ఈ కొండసీమ 1951లో బ్రిటన్ దేశపు తొలి జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమైంది. పచ్చిక బయళ్లు, వాటిని విడదీస్తూ సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, బూడిద రంగు రాతి ఇళ్లు, సన్నని వీధులు ఈ ప్రాంతపు సహజ శోభ. ఊరి జనాభా నేటికీ సుమారు వెయ్యి మాత్రమే. పూర్వకాలంలో ఇక్కడివారు గొర్రెలను పెంచేవారు, పొలాలు దున్నేవారు, సీసం గనుల్లో పనిచేసేవారు.

ఊరి నడుమ సెయింట్ లారెన్స్ చర్చి ఉంది. దాని ఆవరణలో నిలిచిన రాతి శిలువ స్తంభం ఎనిమిదవ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. ప్రహరీ లోపల చర్చి గోడపై 1775 నాటి నీడ గడియారం ఉంది. సూర్యుని నీడను బట్టి స్థానిక కాలాన్నే గాక, దూరదేశాల్లోని కొన్ని ప్రదేశాల మధ్యాహ్న వేళను కూడా సూచించేటట్లు దానిని చెక్కారు. కొండ ఊటల నీటిని మళ్లించి వీధుల్లో అమర్చిన రాతి తొట్లు ఊరివారికి మరో గర్వకారణం. 1588 నాటికే ఈ ఏర్పాటు ఉండేదని చెబుతారు. అయితే యాత్రికులు ఈ ఊరికి వచ్చేది ప్రధానంగా వీటి కోసం కాదు. చర్చి పక్కనే వరుసగా ఉన్న కొన్ని చిన్న ఇళ్ల ముందు ఆగి, వాటిపై బిగించిన ఆకుపచ్చ ఫలకాలను చదవడానికి వస్తారు.

దర్జీ ఇంటికి వచ్చిన మూట

1665వ సంవత్సరంలో లండన్ నగరాన్ని ప్లేగు వ్యాధి కబళించింది. అధికారిక లెక్కల ప్రకారమే అరవై ఎనిమిది వేల మందికి పైగా మరణించారు. ఆ నగరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈమ్ గ్రామస్థులకు ఆ వార్త దూరపు పిడుగు శబ్దం వంటిదే. ఆ ఏడాది వేసవి చివర్లో ఊరి దర్జీ అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ ఇంటికి లండన్ నుండి ఒక బట్టల మూట వచ్చింది. అతని వద్ద పనిచేసే జార్జ్ వికర్స్ దానిని విప్పగా బట్టలు చెమ్మగా ఉన్నాయి. వాటిని పొయ్యి వద్ద ఆరబెట్టాడు. ఆ బట్టల్లో దాగిన కీటకాలే వ్యాధిని మోసుకువచ్చాయని తరతరాలుగా నమ్ముతున్నారు. కొద్ది రోజులకే వికర్స్ తీవ్ర జ్వరంతో మంచం పట్టి, సెప్టెంబరు 7న మరణించాడు.

ఆ ఇంటి ఇల్లాలు మేరీ. మొదటి భర్త కూపర్ మరణించగా హాడ్‌ఫీల్డ్‌ను వివాహమాడింది. వికర్స్ చనిపోయిన రెండు వారాలకు, సెప్టెంబరు 22న, ఆమె నాలుగేళ్ల కుమారుడు ఎడ్వర్డ్ కన్నుమూశాడు. అక్టోబరు 2న పన్నెండేళ్ల జొనాథన్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఆగస్టు 3న భర్త హాడ్‌ఫీల్డ్ కూడా మరణించాడు. ఆ ఇంట్లో మేరీ ఒక్కతే మిగిలింది. ఆమె తన బంధువుల్లో పదముగ్గురిని పోగొట్టుకుంది. ఈ వివరాలన్నీ నేటికీ ఆ ఇంటి ముందరి ఫలకంపై పేర్లతో, తేదీలతో సహా ఉన్నాయి. ఆ ఇంటికి ఇరువైపులా ఉన్న ఇళ్లపై కూడా అటువంటి ఫలకాలే. ‘ప్లేగు కుటీరాలు’ అని పిలిచే ఆ ఇళ్లలో నేడు మామూలు కుటుంబాలు నివసిస్తున్నాయి. కిటికీల్లో పూలకుండీలు, గోడపై మృతుల పేర్లు.

చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టి, ఒళ్లు కాలిపోయే జ్వరంతో రోగులు కొద్ది రోజుల్లోనే ప్రాణాలు విడిచేవారు. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని శాస్త్రవేత్తలు గుర్తించింది 1894లో. అంటే ఈమ్ గ్రామస్థులకు తమను చంపుతున్నదేమిటో తెలియదు. అది మనిషి నుండి మనిషికి, ఊరి నుండి ఊరికి ప్రాకుతుందని మాత్రమే అనుభవం వల్ల తెలుసు. ఆ ఏడాది చివరి నాలుగు నెలల్లోనే నలభైమందికి పైగా చనిపోయారు. చలికాలంలో ఉధృతి కొంత తగ్గింది. ఇక గండం గడిచిందని ఊరు ఊపిరి పీల్చుకుంటున్న వేళ, 1666 జూన్ నాటికి వ్యాధి మళ్లీ విజృంభించింది.

ఇద్దరు మతాచార్యులు, ఒక నిర్ణయం

అప్పటి చర్చి మతాచార్యుడు విలియం మోంపెసన్. వయసు ఇరవై ఎనిమిదేళ్లు. ఊరికి వచ్చి రెండేళ్లే అయింది. గ్రామస్థులకు ఇంకా అతనిపై పూర్తి నమ్మకం కుదరలేదు. వారికి అభిమానపాత్రుడు అతనికి ముందున్న థామస్ స్టాన్లీ. రాజ్యం శాసించిన కొత్త ప్రార్థనా విధానాన్ని అంగీకరించనందుకు స్టాన్లీ 1662లో పదవికి దూరమయ్యాడు. ఒకరు రాజాజ్ఞను శిరసావహించినవారు, మరొకరు దానిని నిరాకరించి జీవనాధారాన్ని పోగొట్టుకున్నవారు. వారిద్దరి మధ్య సయోధ్యకు అవకాశమే లేదని ఎవరైనా అనుకుంటారు.

కాని ఆపద వేళ ఆ ఇద్దరూ కలిశారు. 1666 జూన్ నెలాఖరులో గ్రామస్థులను సమావేశపరచి మూడు విషయాలు వారి ముందుంచారు. మొదటిది, ఇకపై చర్చి ఆవరణలో అంత్యక్రియలు జరపరాదు; ఎవరి మృతులను వారే తమ పెరటిలోనో, పొలంలోనో త్వరగా ఖననం చేయాలి. రెండవది, చర్చి తలుపులు మూసివేయాలి. ప్రార్థనలు ఆరుబయట జరగాలి. మూడవది అన్నిటికన్నా కఠినమైనది: వ్యాధి తగ్గేవరకు ఊరివారెవరూ పొలిమేర దాటరాదు, బయటివారెవరూ లోనికి రారాదు.

ఆ రోజుల్లో లండన్‌లో రోగి ఉన్న ఇంటికి తాళం వేసి, తలుపుపై ఎర్రని శిలువ గుర్తు గీసి, కావలివాడిని నిలబెట్టేవారు. ఈమ్ చుట్టూ సైనికులు లేరు. పారిపోదలచినవారికి కొండదారులు తెరిచే ఉన్నాయి. అయినా గ్రామస్థుల్లో అత్యధికులు మాటకు కట్టుబడ్డారు. ఊరివారికి స్టాన్లీపై ఉన్న నమ్మకమూ, మోంపెసన్ పదవికి ఉన్న అధికారమూ ఒకటిగా చేరకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. మన మొహల్లాల్లో పాత కక్షల వల్ల పలకరింపులు మానుకున్న పెద్దలు ఉంటే, వారికి ఈ ఇద్దరి కథ వినిపించదగినది.

మోంపెసన్ తన ఇద్దరు పిల్లలను అంతకుముందే యార్క్‌షైర్‌లోని బంధువుల వద్దకు పంపివేశాడు. భార్య కాథరిన్‌ను కూడా వెళ్లమన్నాడు. ఆమె భర్తను విడిచి వెళ్లనన్నది. రోగుల ఇళ్లకు వెళుతూ, ధైర్యం చెబుతూ ఆమె ఊరిలోనే ఉండి, ఆగస్టు 25న అదే వ్యాధితో మరణించింది. ఆమె సమాధి చర్చి ఆవరణలో, ప్రాచీన శిలువ స్తంభానికి సమీపంలో ఉంది. పిల్లలకు తల్లి మరణవార్త తెలియజేస్తూ మోంపెసన్ రాసిన లేఖ నేటికీ లభ్యమవుతోంది.

పొలిమేర రాయి, నీటి ఊట

ఊరు తలుపు మూసుకుంటే లోపలివారు తినేదేమిటి? ఏ దిగ్బంధానికైనా ఇదే అసలు ప్రశ్న. ఆకలిగొన్నవాడు ఏ ప్రతిజ్ఞకూ ఎంతోకాలం కట్టుబడలేడు. ఈమ్ కథలో తక్కువగా చెప్పబడే భాగం ఇదే కనుక మేము దీనిని కొంచెం వివరంగా చెప్పదలిచాము.

ఈమ్‌కు, స్టోనీ మిడిల్టన్ అనే పొరుగూరికి మధ్య కొండవాలుపై ఒక బండరాయి ఉంది. దానికి ఆరు రంధ్రాలున్నాయి. ఈమ్ గ్రామస్థులు తమ అవసరాలకు తగిన నాణేలను ఆ రంధ్రాల్లో ఉంచి, వాటిని సిర్కా, అనగా వెనిగర్‌తో నింపి వెళ్లేవారు. సిర్కా వ్యాధిని చంపుతుందని ఆనాటివారి నమ్మకం. పొరుగూరి వారు ధాన్యం, మందులు, ఇతర సరుకులు తెచ్చి రాయి వద్ద ఉంచి, నాణేలు తీసుకొని వెళ్లేవారు. ఇచ్చేవారికి పుచ్చుకునేవారి ముఖం కనిపించదు. తూకం చూసే కాటా లేదు, బేరం లేదు. ఇరువైపులా ఉన్నది నమ్మకం ఒక్కటే. వ్రేళ్ల స్పర్శతో అంచులు అరిగిన ఆ రంధ్రాల్లో నేటికీ యాత్రికులు చిల్లర నాణేలు వేసి వెళుతుంటారు.

ఊరికి ఉత్తరాన, కొండపైన మరో గుర్తు ఉంది. దానిని ‘మోంపెసన్ బావి’ అంటారు. నిజానికది బావి అనదగినంత పెద్దది కాదు. రాతి పలకల మధ్య నుండి ఉబికే ఒక నీటి ఊట. అక్కడ పారే నీటిలో నాణేలు ఉంచితే, బయటివారు వాటిని తీసుకొని బదులుగా సరుకులు పెట్టి వెళ్లేవారు. సమీపంలోని చాట్స్‌వర్త్ భవనంలో నివసించే డెవన్‌షైర్ ప్రభువు కూడా ఆహారాన్ని, మందులను పంపించే ఏర్పాటు చేశాడు.

ఈ రాయి, ఈ ఊట మనకు చెప్పేదొకటే. లోపలివారు బయటివారి ప్రాణాలను కాపాడారు. బయటివారు లోపలివారి పొయ్యి ఆరిపోకుండా చూశారు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా ఒప్పందం నిలిచేది కాదు. ఇంటిలో దిగ్బంధమైన పొరుగువాని వాకిట్లో అన్నం గిన్నె పెట్టి, తలుపు తట్టి దూరంగా జరిగి నిలిచినవారు మన వీధుల్లోనూ ఉన్నారు. ఆ గిన్నె పెట్టిన గడప కూడా ఒక పొలిమేర రాయే.

గోడలు లేని ప్రార్థనాస్థలం

చర్చి మూతపడ్డాక గ్రామస్థులు ఊరికి కొద్ది దూరంలోని కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో చేరేవారు. పచ్చిక పరచుకున్న ఆ పల్లంలో ఒక కుటుంబానికీ మరో కుటుంబానికీ మధ్య దూరం పాటిస్తూ నిలబడేవారు. అక్కడున్న సున్నపురాతి కమానుల్లో నిలిచి మోంపెసన్ ప్రసంగించేవాడు. వారం గడిచేసరికి ఖాళీ అయిన చోట్లు ఎవరివో అందరికీ తెలుస్తూనే ఉండేవి.

ఈ లోయతో ముడిపడిన మరో కథను ఊరివారు నేటికీ చెప్పుకుంటారు. ఈమ్‌కు చెందిన ఎమట్ సిడాల్ అనే యువతికి, స్టోనీ మిడిల్టన్‌కు చెందిన రోలండ్ టోర్ అనే యువకునికి వివాహం నిశ్చయమైంది. వ్యాధి ముదిరిన తరువాత వారు దగ్గరకు రాకుండా, లోయకు చెరోవైపున నిలిచి దూరం నుండే ఒకరినొకరు చూసుకొని వెళ్లేవారట. 1666 వసంతంలో ఒకనాడు ఆమె రాలేదు. అయినా అతడు వస్తూనే ఉన్నాడట. వ్యాధి ముగిశాక ఊరిలోకి అడుగుపెట్టిన మొదటివారిలో అతడొకడు. ఏప్రిల్ చివరలోనే ఆమె మరణించిందని అప్పుడు అతనికి తెలిసింది.

రైలీ సమాధులు

ఊరికి సుమారు అర మైలు దూరంలో, తూర్పు వైపు కొండవాలుపై, గుండ్రని చిన్న రాతి ప్రహరీ ఒకటి ఉంది. చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక. ప్రహరీ లోపల ఏడుగురి స్మారక శిలలు. ఇవి హాంకాక్ కుటుంబానివి. ఆ పొలం పేరు రైలీ కనుక వీటిని రైలీ సమాధులు అంటారు.

1666 ఆగస్టు నెల ఈమ్ చరిత్రలో అతి భయంకరమైనది. ఆ ఒక్క నెలలో డెబ్బై మందికి పైగా మరణించారు. ఆగస్టు 3 నుండి 10 వరకు, అనగా ఎనిమిది రోజుల్లో, ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి తన భర్త జాన్‌నూ, ఆరుగురు బిడ్డలనూ పోగొట్టుకుంది. నిబంధన ప్రకారం ఎవరి మృతులను వారే ఖననం చేయాలి. సహాయానికి వచ్చేవారు లేరు. ఆమె ఒంటరిగానే గోతులు తవ్వింది. ఒక్కొక్కరినీ ఈడ్చుకువెళ్లి మట్టిలో పెట్టింది. స్టోనీ మిడిల్టన్ వారు ఎదుటి కొండపై నుండి ఆమెను చూస్తూ ఏమీ చేయలేక నిలిచిపోయారని చెబుతారు. ఆమెకు వ్యాధి సోకలేదు. షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటున్న ఒక కుమారుడు మాత్రమే మిగలగా, చివరకు ఆమె అతని వద్దకు చేరుకుంది.

ఆప్తుని జనాజా నమాజుకు నాలుగు వరుసలు నిండాలని, ఖబరుపై ప్రతివారూ మూడు గుప్పిళ్ల మట్టి వేయాలని కోరుకునే సమాజం మనది. ఆ మట్టి వేసే చేయి ఒక్కటే అయినప్పుడు, ఆ చేయి కన్నతల్లిదే అయినప్పుడు, దాని బరువెంతో ఈ ప్రహరీ ముందు నిలిచినవారికి తెలుస్తుంది.

ఎవరూ లేని మృతులను ఖననం చేయడానికి మార్షల్ హౌ అనే బలిష్ఠుడు ముందుకు వచ్చాడు. తనకు ఒకసారి వ్యాధి సోకి తగ్గింది కనుక మళ్లీ రాదని అతని ధీమా. ప్రతిఫలంగా మృతుల సామాను తీసుకునేవాడు. ఆ ఆగస్టులోనే అతని భార్య, కుమారుడు ప్లేగుతో మరణించారు. తరువాత చాలాకాలం వరకు ఆ ప్రాంతపు తల్లులు అల్లరి పిల్లలను అతని పేరు చెప్పి భయపెట్టేవారట. త్యాగం చేసిన ఊరిలో కూడా అందరూ ఒకే తీరుగా ఉండరు. మహమ్మారి మనుషులను దేవదూతలుగా మార్చదు. వారిలో ఉన్నదానిని బయటపెడుతుంది.

1666 నవంబరు 1న అబ్రహాం మోర్టెన్ అనే వ్యక్తి మరణించాడు. అదే చివరి ప్లేగు మరణం. పద్నాలుగు నెలల్లో డెబ్బై ఆరు కుటుంబాలకు చెందిన 260 మంది మరణించారు.

అమ్వాస్ నాటి ఆదర్శం

ఈ కథ విన్న ముస్లిం పాఠకునికి తన చరిత్రలోని ఒక ఘట్టం గుర్తుకు రాక మానదు. ఈమ్ గ్రామస్థులకు దాని గురించి తెలిసి ఉండే అవకాశం లేదు. అయినా వేయేళ్ల దూరంలో ఉన్న రెండు ఘట్టాల్లోనూ మనిషి ఎదుట నిలిచిన ప్రశ్న ఒక్కటే.

హిజ్రీ 18లో, అనగా క్రీ.శ. 639 ప్రాంతంలో, సిరియా ప్రాంతంలో ప్లేగు ప్రబలింది. అమ్వాస్ అనే ఊరిపేరిట అది చరిత్రకెక్కింది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరేసరికి ఈ వార్త తెలిసింది. సహచరులను సంప్రదించి, వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, తాము దైవ విధి నుండి దైవ విధి వైపునకే మరలుతున్నామనే భావంతో ఆయన సమాధానమిచ్చారు. అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి ఉపదేశాన్ని వినిపించారు. ఒక ప్రాంతంలో ప్లేగు ఉన్నదని వింటే అక్కడికి వెళ్లవద్దని, తామున్న ప్రాంతంలోనే అది వస్తే దాని నుండి పారిపోవడానికి బయటకు రావద్దని ఆ ఉపదేశ సారాంశం. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఇది నమోదై ఉంది.

హజ్రత్ అబూ ఉబైదా (రజి) తన సైనికులను విడిచి రాలేదు. ఆ ప్లేగులోనే మరణించారు. ఆయన తరువాత బాధ్యతలు స్వీకరించిన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా అదే వ్యాధితో ఈ లోకాన్ని వీడారు. ప్లేగు వచ్చిన చోట దైవంపై ఆశతో, సహనంతో నిలిచిన విశ్వాసికి షహీదు పుణ్యఫలం లభిస్తుందన్న శుభవార్త కూడా హదీసుల్లో ఉంది.

ఆ ఉపదేశంలో రెండు వాక్యాలున్నాయి. లోపలికి వెళ్లవద్దనేది మన ప్రాణరక్షణ కోసం. దానిని పాటించడం తేలిక. బయటకు రావద్దనేది మనం ఎన్నడూ చూడని మనుషుల ప్రాణరక్షణ కోసం. దానికి సబర్ కావాలి. ఈమ్ గ్రామం తన అనుభవంతో చేరుకున్నది ఈ రెండవ వాక్యానికే.

చరిత్రకారుల సందేహాలు

ప్రేమతో చెప్పుకునే కథలకు కాలక్రమంలో మెరుగులు చేరుతుంటాయి. ఈమ్ కథ విస్తృత ప్రచారం పొందడానికి 1842లో స్థానిక రచయిత విలియం వుడ్ ప్రచురించిన గ్రామ చరిత్ర ఒక ముఖ్య కారణం. ఎమట్, రోలండ్‌ల కథ వంటివి చాలావరకు ఊరి నోటిమాటలుగా అందినవే. ఊరి జనాభా 350 మాత్రమేనని, అందులో ఎనభై మూడు మందే మిగిలారని పాత పుస్తకాలు రాశాయి. పన్ను పట్టికలను, చర్చి రికార్డులను పరిశీలించిన తరువాతి పరిశోధకులు జనాభా సుమారు 700 వరకు ఉండి ఉంటుందని అంచనా వేశారు. అదే నిజమైనా, ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా చనిపోయినట్లే.

మరికొన్ని ప్రశ్నలు మరింత బాధించేవి. స్తోమత గల కొన్ని కుటుంబాలు దిగ్బంధానికి ముందే ఊరు విడిచి వెళ్లాయి. మతాచార్యుని పిల్లలు యార్క్‌షైర్‌లో క్షేమంగా ఉన్నారు. హాంకాక్ పిల్లలు రైలీ పొలంలో మట్టిలో కలిశారు. వెళ్లడానికి మరో ఇల్లు, బతకడానికి మరో ఆధారం లేని పేదలకు ‘స్వచ్ఛందం’ అనే మాట ఎంతవరకు వర్తిస్తుందని చరిత్రకారులు అడుగుతున్నారు. ప్రభువు పంపే సరుకుల వెనుక కొంత ఒత్తిడి కూడా ఉండి ఉండవచ్చు. ఊరి రికార్డుల ఆధారంగా 2016లో వెలువడిన ఒక గణిత విశ్లేషణ ప్రకారం, అక్కడి ప్లేగు సోకుడులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎలుకల ద్వారా కాక మనిషి నుండి మనిషికి వ్యాపించినవే. ఒకే పొయ్యి వద్ద కూర్చునే ఇంటివారికే ప్రమాదం ఎక్కువన్నమాట. చర్చిని మూసివేయడం, ఆరుబయట దూరదూరంగా నిలవడం, అంత్యక్రియలకు గుమికూడకపోవడం వివేకవంతమైన చర్యలేనని దీనివల్ల స్పష్టమవుతోంది. ఊరు దాటకపోవడం వల్ల పొరుగువారికి మేలు కలిగి ఉండవచ్చు. లోపలివారికి అది కలిగించిన మేలేమీ లేదు.

ఈ సందేహాలను పిల్లలకు చెప్పకుండా దాచనక్కరలేదని మా అభిప్రాయం. ఎవరి త్యాగమూ మచ్చలేనిది కాకపోవచ్చు. భారం అందరిపై సమానంగా పడలేదని తెలిసినప్పుడే, ఎక్కువ భారం మోసిన ఆ పేద తల్లుల విలువ మనకు మరింత బోధపడుతుంది. రేపు మన ఊరికి ఇటువంటి పరీక్ష ఎదురైతే, దినకూలీ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదా అని ముందు చూసుకొని, ఆ తరువాతే తలుపులు వేసుకోమని చెప్పగలుగుతాము.

నేటి ఈమ్

వ్యాధి తగ్గాక మోంపెసన్ ఊరిలోని బట్టలను, పరుపులను తగులబెట్టించాడు. 1669లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్ అనే ఊరికి బదిలీ అయి వెళ్లగా, ప్లేగు ఊరి నుండి వచ్చాడన్న భయంతో అక్కడివారు అతనిని మొదట ఊరిలోకి రానివ్వలేదు. కొంతకాలం బయట ఒక గుడిసెలో ఉండవలసివచ్చింది. పొరుగూళ్లను కాపాడిన మనిషిని పొరుగూరే పొలిమేర వద్ద నిలిపివేసింది! స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే మరణించాడు. అతని స్మారక శిల కూడా చర్చి ఆవరణలో ఉంది.

చర్చి లోపల మృతుల పేర్లు గల జాబితాను, ఈ గాథను చిత్రించిన రంగుటద్దాల కిటికీని చూడవచ్చు. 1994లో ప్రారంభమైన గ్రామ ప్రదర్శనశాల ఒక పాత ప్రార్థనా మందిరంలో ఉంది. గాలి దిశను చూపడానికి దాని కప్పుపై అమర్చిన లోహపు బొమ్మ ఎలుక ఆకారంలో ఉండడం చూపరులను ఆకర్షిస్తుంది. పాఠశాలల పిల్లలు ఉపాధ్యాయులతో కలిసి వచ్చి, కుటీరాల ముందు ఆగి, తమ ఈడు పిల్లల పేర్లను చదువుతారు. ఏటా ఆగస్టు చివరి ఆదివారాన్ని ఊరివారు ‘ప్లేగు ఆదివారం’గా పాటిస్తారు. చర్చి నుండి కక్లెట్ డెల్ఫ్ వరకు నడిచివెళ్లి, ఒకనాడు తమ పూర్వికులు దూరదూరంగా నిలిచిన చోటనే నేడు పక్కపక్కన నిలబడి వారిని స్మరించుకుంటారు.

ఈమ్‌లో పెద్ద కోటలు లేవు, రాజుల విగ్రహాలు లేవు. రంధ్రాలు పడిన ఒక బండరాయి, గుండ్రని ఒక ప్రహరీ, ఒక నీటి ఊట, కొన్ని పాత ఇళ్లు ఉన్నాయి. మన ఊళ్లలోనూ ఇటువంటి గుర్తులు ఉండే ఉంటాయి. కష్టకాలంలో ఎవరో తవ్వించిన బావి, అనాథ మృతులను ఖననం చేసిన ఖబ్రస్తాన్ మూల, కరువునాడు గంజి పోసిన అరుగు. వాటిపై ఫలకాలు ఉండవు. వాటి కథ తెలిసిన నానమ్మలు, తాతయ్యలు మాత్రం ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఈ నెలలో ఒక సాయంత్రం పిల్లలను వారి వద్ద కూర్చోబెట్టి అడిగించండి. పొరుగువాని కోసం మన ఊరు ఏనాడు ఏమి వదులుకున్నదో ఆ పిల్లలకు తెలియాలి. వారికి కూడా ఏదో ఒకనాడు ఏదో ఒక పొలిమేర వద్ద ఆగవలసిన అవసరం రావచ్చు.